సీలు కవరులో గేదె

జనరథ సంస్థలో ఇరవై తొమ్మిదేళ్ళుగా బస్సు నడుపుతున్న గోనెల ఏసుపాదానికి కళ్ళున్నాయా లేవా అన్న అనుమానం మొట్టమొదట సంస్థ ఛైర్మన్‌గారికి వచ్చింది. అదీ ఒక ఏసీ హాల్లో, మధ్యాహ్న భోజనం తర్వాత.

ఛైర్మన్‌గారికి ఏసుపాదం ఎవరో తెలియదు. ఏసుపాదం నడిపే నల్లబండ - ఎర్రకాలువ బస్సు సంగతీ తెలియదు. ఆయన నగరంలో ఏదో సదస్సుకు వెళ్ళారు. అక్కడ డాక్టర్ చిదానందం అనే పండితుడు తెర మీద బొమ్మలు చూపిస్తూ, కంటికి ఒక వస్తువు కనపడటం వేరు, అది ఫలానాదని గుర్తుపట్టడం వేరు అని చెప్పాడు. ఆ రెంటి మధ్యా పట్టే సమయం చుట్టుపక్కల ఉండే చప్పుళ్ళనూ వాసనలనూ రంగులనూ బట్టి పెరుగుతుందట, తగ్గుతుందట. మాట నిజమే. పక్కింటాయన్ని గుమ్మంలో చూస్తే టక్కున గుర్తుపడతాం. అదే మనిషి పరాయి ఊళ్ళో రైలు ప్లాట్‌ఫారం మీద ఎదురైతే, ఈయన్ని ఎక్కడో చూశామే అని తల గోక్కుంటాం.

మాట నిజం కావడంతోనే వచ్చింది చిక్కంతా. అబద్ధాన్ని అమలు చేయమంటే అధికారులు కాస్తో కూస్తో జంకుతారు. నిజం చేతికి దొరికిందా, ఇక వాళ్ళను ఆపడం ఎవరి తరమూ కాదు. ఛైర్మన్‌గారు ఆ సాయంత్రమే సంస్థలో ‘దృశ్య ప్రత్యభిజ్ఞా వేగ విభాగం’, అంటే చూసినదాన్ని ఎంత త్వరగా గుర్తుపడతారో తేల్చే విభాగం, ఒకటి తెరిచి, దాని నెత్తిన చిదానందంగారిని కూర్చోబెట్టారు.

వారం తిరక్కుండా నల్లబండ డిపోకు సర్క్యులర్ వచ్చింది. డిపో మేనేజర్ అంకారావు దాన్ని డ్రైవర్లనూ కండక్టర్లనూ నిలబెట్టి గట్టిగా చదివాడు.

“సంస్థ యందు పనిచేయు చోదకులందరి దృశ్య ప్రత్యభిజ్ఞా వేగమును శాస్త్రీయముగా నిర్ధారించుటకై పరీక్ష నిర్వహింపబడును. నిర్ణీత వేగము లేని వారు చక్రధారణకు అనర్హులుగా పరిగణింపబడి, టైర్ల గది కాపలాకు బదిలీ చేయబడుదురు.”

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. ఏసుపాదం బస్సులోనే పదేళ్ళుగా పనిచేస్తున్న కండక్టర్ మీరాబీ చెయ్యెత్తింది. “సార్, ఆ ప్రత్యభిజ్ఞ అంటే ఏంది సార్, జబ్బా?”

అంకారావుకూ తెలియదు. “జబ్బే అనుకో. కాకపోతే ఇది ఉన్నోళ్ళకి ఉద్యోగం ఉంటది, లేనోళ్ళకి పోద్ది” అన్నాడు.

టైర్ల గది అనగానే ఏసుపాదం గుండెల్లో రాయి పడింది. డిపో వెనకాల, కిటికీ లేని రేకుల గది అది. అరిగిపోయిన టైర్లు అందులోనే పడేస్తారు. వాటికి కాపలా దేనికో ఎవరికీ తెలియదు, దొంగలకు కూడా వాటి మీద ఆశ లేదు. స్టీరింగ్ వెనక కూర్చుని లోకాన్ని ఎదురుగా చూసుకుంటూ బతికిన మనిషి ఆ చీకట్లో స్టూలు వేసుకుని కూర్చోవడమా! కొత్త బండి ఇవ్వకపోయినా ఏమీ అనుకోలేదు ఏసుపాదం, సెలవు ఇవ్వకపోయినా సర్దుకున్నాడు. స్టీరింగ్ పోతుందంటే మాత్రం అన్నం సయించలేదు.

పరీక్ష గది హెడ్డాఫీసులో ఉంది. శుద్ధమైన ఫలితం రావాలని చిదానందంగారు ఆ గదిలో పరిసరాలన్నవే లేకుండా చేయించారు. తెల్లటి గోడలు, తెల్లటి నేల. చప్పుడు రాకుండా తలుపుకు మెత్త. వేసవిలో కూడా పళ్ళు కటకటలాడే చలి. ఏసుపాదం కంటే ముందు లోపలికి వెళ్ళిన డ్రైవరు చాలాసేపు బయటికి రాలేదు. చూస్తే కుర్చీలో గుర్రుపెట్టి నిద్రపోతున్నాడట, అతని పేరు పక్కన ‘గుర్తింపు వేగము: శూన్యము’ అని రాశారు.

ఏసుపాదాన్ని కుర్చీలో కూర్చోబెట్టారు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక గాల్లో స్టీరింగు పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. దీపాలు ఆరిపోయాయి. ఎదుటి గోడ మీద ఒక గేదె వెలిగింది.

“ఏమి కనబడుచున్నది?” అన్నారు చీకట్లోంచి చిదానందంగారు.

ఏసుపాదం కంగారుపడ్డాడు. అతని లెక్కలో గేదె ఎప్పుడూ ఒంటరిగా రాదు. ముందు దుమ్ము లేస్తుంది, వెనక దూడ ఉంటుంది, ఆ వెనక కర్ర పట్టుకుని ఎవరో అదిలిస్తుంటారు. ఎడమ నుంచి వస్తోందా, కుడి నుంచి వస్తోందా అన్నదాన్ని బట్టి హారనా, బ్రేకా అని తేలుతుంది. ఈ గేదెకు రోడ్డు లేదు, పక్క లేదు, తోకైనా కదలడం లేదు. గాల్లో తేలుతోంది. ఇది గేదేనా, లేక పెద్దవాళ్ళు పెట్టిన మెలికా? అతను గోడ నాలుగు మూలలూ వెతికాడు, దాని తాలూకు మనిషి ఎక్కడైనా ఉన్నాడేమోనని.

“గేదె సార్” అన్నాడు చివరికి. ఊరుకోవచ్చు కదా, ఊరుకోలేదు. “ఎవరిది సార్?”

టక్కుమని స్టాప్‌వాచీ నొక్కిన చప్పుడైంది. “విపరీత జాప్యము. అదియునుగాక, అభ్యర్థి పరీక్షకుని ప్రశ్నించినాడు” అని చిదానందంగారు పక్కనున్న గుమాస్తాకు చెప్పి రాయించారు.

ఇంటికొచ్చి చెబితే భార్య సువార్త ముక్కున వేలేసుకుంది. “గేదెని గేదె అంటానికి అంతసేపేందయ్యా? పుట్టినకాడ్నుంచీ చూస్తన్నావు గదా!”

“ఆడ గేదె ఎందుకుంటదే? ఆ గది చూస్తే ఆపరేషన్ థియేటర్ మాదిరుంది. అందులోకి గేదెని ఎవుడు రానిస్తాడు?” అన్నాడు ఏసుపాదం. అనడమైతే అన్నాడు గానీ, రాత్రి పడుకున్నాక తన కళ్ళ మీద తనకే అనుమానం వచ్చి, గోడ మీద క్యాలెండరు దగ్గర్నుంచి దూలానికి వేలాడే ఉట్టి దాకా ఒక్కొక్క వస్తువు పేరూ తనలో తాను చెప్పుకున్నాడు.

అతనొక్కడే కాదు, డిపోలో ఉన్న డ్రైవర్లంతా తప్పారు. ఒక డిపో డ్రైవర్లంతా గుడ్డివాళ్ళని తేలితే మామూలు మనిషికి పరీక్ష మీద అనుమానం వస్తుంది. చిదానందంగారు మామూలు మనిషి కారు కాబట్టి ఆయనకు ఇంకో జ్ఞానోదయమైంది. ‘పరిసర ప్రేరకముల లోపమువలన గుర్తింపు వేగము కుంటుపడినది’ అని ఆయన నివేదిక రాశారు. కనుక డ్రైవర్లకు ఇంకొక్క అవకాశం ఇవ్వాలి. ఈసారి పరీక్షను సంపూర్ణ పరిసరాల మధ్య జరపాలి. నిబంధన ప్రకారం బొమ్మ మాత్రం మార్చకూడదు, అదే బొమ్మను సీలు కవరులో పెట్టి తేవాలి.

పరిసరాలు సమకూర్చే బాధ్యత అంకారావు నెత్తిన పడింది. రోడ్డు మీద అవి ఉచితంగా దొరుకుతాయి గదా, పరీక్ష అక్కడే పెడితే పోలేదా అని అతను నసిగాడు. చిదానందంగారు జాలిగా చూశారు. “రహదారి యందు పరిసరములు మన అదుపులో ఉండవయ్యా. శాస్త్రమునకు అదుపు ముఖ్యము.”

దాంతో డిపోలోని రిపేరు షెడ్డు పరీక్షా మందిరమైంది. అందులో ఒక బస్సు పెట్టారు. ఏసుపాదం బస్సే, ఎర్రకాలువ బోర్డుతో సహా. బోర్డు తీసేస్తే పరిసరం తగ్గుతుందన్నారు. ఇంజను ఆన్‌లో ఉండాలి, ఎందుకంటే కంపనం ఒక ప్రేరకం. డీజిలు వాసన ఒక ప్రేరకం. బస్సుకు ఎదురుగా, షెడ్డు వాకిలికి అడ్డంగా పెద్ద పరదా కట్టారు. దాని మీద రోడ్డు బొమ్మ ఉండాలి గానీ, ఊళ్ళోని నాటకాలవాళ్ళ దగ్గర అడవి పరదా, అంతఃపురం పరదా తప్ప దొరకలేదు. బస్సు అంతఃపురంలోకి వెళ్ళడం సబబు కాదని అడవినే ఖాయం చేశారు. డాక్టరుగారు రుమాలు ఊపగానే అటెండరు జక్కరయ్య తాడు లాగాలి, పరదా లేవాలి, దాని వెనక స్టాండు మీద బొమ్మ కనపడాలి.

ఇక ప్రయాణికులు కావాలి. పరీక్షా మందిరంలోకి బయటివాళ్ళను రానివ్వకూడదని నిబంధన. అందుకని హెడ్డాఫీసు నుంచి అధికారులే ప్రయాణికులుగా వచ్చారు. సీట్లు సీనియారిటీ ప్రకారం. కిటికీ సీటు ఆర్థిక సలహాదారుగారికి, ఆయన పక్కన న్యాయవిభాగాధిపతిగారికి. సిబ్బంది వ్యవహారాల అధికారిని నిలబడమంటే, ‘నిలుచుండు పాత్ర నా హోదాకు భంగకరము’ అని రాతపూర్వకంగా తెలియజేసి ఆయనా సీటు సంపాదించారు. ఫుట్‌బోర్డు మీద వేలాడే పాత్ర, ఇంకా ఉద్యోగం పర్మనెంటు కాని ఇద్దరు జూనియర్ అసిస్టెంట్లకు దక్కింది. ‘కోడి ఒకటి, సజీవము’ అని కూడా కావలసిన సామాన్ల ఇండెంటులో ఉంది. క్యాంటీన్‌లో మధ్యాహ్నానికి కూర కావలసిన కోడి ఒకటి ఆ విధంగా బతికిపోయింది.

రిహార్సల్ రోజున చిదానందంగారు పెదవి విరిచారు. ప్రయాణికుల మధ్య తగువులు తృప్తికరంగా లేవట.

“కాస్త జరుగుతారా సార్?” అంటున్నారు న్యాయవిభాగాధిపతి.

“అయ్యో, తప్పకుండా సార్” అంటున్నారు ఆర్థిక సలహాదారు.

“ఇది ప్రేరకమా? ఇది తేనీటి విందు!” అని డాక్టరుగారు విసుక్కున్నారు. అప్పుడు మీరాబీని పిలిచి నేర్పమన్నారు. ఆమె బిక్కుబిక్కుమంటూనే మొదలుపెట్టి నిమిషంలో మామూలు మనిషైపోయింది. “జరుగు, జరుగు! లోపలికి జరుగు! ముందంతా ఖాళీనే, తలుపు కాడ తేనె పోసినారా ఏంది?” ఆర్థిక సలహాదారుగారు ఒక్క ఉదుటున జరిగారు. తర్వాత ఆయన మొహం చిన్నబుచ్చుకున్నారు గానీ, శాస్త్రం కోసం కదా అని ఊరుకున్నారు.

ఇవన్నీ జరుగుతున్నన్ని రోజులూ డ్రైవర్లంతా ‘పరీక్షాధీనులు’. పరీక్షాధీనులు స్టీరింగు ముట్టకూడదు. కాబట్టి నల్లబండ నుంచి ఒక్క బస్సూ కదల్లేదు. గోడకు అవతలున్న బస్టాండులో జనం మూటలు ముందు పెట్టుకుని, మెడలు చాచి, రాని బస్సు కోసం చూస్తూనే ఉన్నారు.

పరీక్ష నాడు పొద్దున్నే సువార్త మొగుడి కోసం ప్రార్థన చేసి, చొక్కా గుండీలు సర్ది, జాగ్రత్తలు చెప్పింది. “గేదె కనపడితే గేదె అను. అంతే. దాని కుటుంబం సంగతి మనకెందుకు?”

మొదటి పిలుపు ఏసుపాదానిదే. డ్రైవరు సీటులో కూర్చుని క్లచ్ మీద కాలు పెట్టి గేరు కూడా వేసి ఉంచాడు. అలాగే ఉంచమన్నారు, చోదకుని సహజ భంగిమ అదేనట. అతని పక్కన, వేడెక్కిన బానెట్ మీద తువ్వాలు పరుచుకుని చిదానందంగారు కూర్చున్నారు. ఒక చేతిలో స్టాప్‌వాచీ, ఇంకో చేతిలో సీలు కవరు. కవరు చివరి నిమిషంలో తెరిచి, బొమ్మను స్టాండు మీద పెట్టించాలి. ఏసుపాదం నుదుటి నుంచి చెమట కారుతోంది. ఈసారీ తప్పితే టైర్ల గదే.

సరిగ్గా అప్పుడు షెడ్డు వెనక దోవలోంచి లచ్చుమమ్మ వచ్చింది. ఎర్రకాలువలో చీపుర్లు కట్టి నల్లబండలో అమ్ముకునే ముసలామె, మొన్నట్నుంచీ బస్టాండులోనే పడి ఉంది. ఇంజను మోత వినపడింది. మోతను పట్టుకుని వస్తే ఎర్రకాలువ బోర్డు కనపడింది. ఆమె ఇంకెవర్నీ అడగలేదు. ఫుట్‌బోర్డు మీద వేలాడుతున్న జూనియర్ అసిస్టెంట్లను మోచేత్తో నెట్టి, ఖాళీ గంపా మిగిలిన చీపుర్ల కట్టా లోపలికి విసిరి, ఎక్కేసింది.

“ఏం పాదం, బతికున్నావా? మూడు రోజుల్నించీ మమ్మల్ని ఎండబెట్టి ఈడ దాక్కున్నావా?” అని గుక్క తిప్పుకోకుండా మొదలుపెట్టి, “ఏమయ్యా కళ్ళద్దాలాయనా, ముసల్దాన్ని నిలబెట్టి కూకున్నావు, నీకు తల్లి లేదా?” అని ఆర్థిక సలహాదారుగారి మీద పడింది.

చిదానందంగారి మొహం వెలిగిపోయింది. “అద్భుతము! ఈ ప్రేరకమును ఎవరు సమకూర్చినారు?”

బస్సులో డాక్టరుగారి వెనకే నిలబడ్డ అంకారావు ఒక్క క్షణం నోరెళ్ళబెట్టాడు. తర్వాత, “మేమే సార్” అన్నాడు.

లచ్చుమమ్మ వెనక బస్టాండు మొత్తం వచ్చింది. ఎరువు బస్తా ఎక్కింది, సైకిలు టైరు ఎక్కింది, పెళ్ళివారు నలుగురు ఎక్కారు. సీటు నాదంటే నాదని ఆర్థిక సలహాదారుగారు ఈసారి ఎవరూ నేర్పకుండానే అరిచారు. కోడి కూసింది. “తలుపు కాడ నిలబడబాకండి, లోపలికి జరగండి!” అని మీరాబీ నిజం గొంతుతో కేకేసింది. ఆమెకు పరీక్ష సంగతి గుర్తు లేదు. బస్సు నిండింది. తలుపు పడింది. ఆమె చెయ్యి దానంతటదే బెల్లు తాడు మీదికి పోయింది.

టింగ్ టింగ్. “రైట్ రైట్!”

అక్కడ ఎవరూ తప్పు చేయలేదు. ప్రతి ఒక్కరూ తమకు అలవాటైన పని చేశారంతే. బెల్లు వినపడగానే ఏసుపాదం కాలు క్లచ్ మీంచి లేచింది. బెల్లునే సంకేతం అనుకుని జక్కరయ్య పరదా తాడు లాగాడు, అడవి పైకి లేచిపోయింది. దాని వెనక ఒక పక్కగా ఖాళీ స్టాండు ఉంది గానీ బొమ్మ లేదు, అది ఇంకా కవరులోనే ఉంది. అక్కడున్నది డిపో గేటు. బస్సు రావడం చూసి గేటు కాపలావాడు కర్ర ఎత్తి సలాం కొట్టాడు. బస్సు ఎడమకు తిరిగి ఎర్రకాలువ రోడ్డెక్కింది.

“ఆపుము! ఆపుము!” అన్నారు చిదానందంగారు.

బస్సులో ఆపమని అరిచేవాళ్ళు రోజూ ఉంటారు. ఏ డ్రైవరూ అరుపుకు ఆపడు, బెల్లుకే ఆపుతాడు. బెల్లు కొట్టవలసిన మీరాబీ జనంలో ఇరుక్కుని టిక్కెట్లు కొడుతోంది. “మీరు యాడ దిగాల సార్?” అని వెనక్కి తిరగకుండానే అడిగింది.

ఏసుపాదానికి మాత్రం చాలా రోజుల తర్వాత ప్రాణం లేచొచ్చింది. ఎదురుగా రోడ్డు ఉంది, కిటికీలోంచి గాలి ఉంది, వెనక తిట్లున్నాయి. పరీక్ష జరుగుతోందనుకుంటే జరుగుతోంది, లేదనుకుంటే లేదు. అతనికి సంతోషంగా ఉంది.

మూడో మైలు మలుపు దగ్గర, తుమ్మకంపల గుబురు పైన ఒక కొంగ లేచింది. ఏసుపాదం బ్రేకు వేశాడు. బస్సు కిర్రుమని ఆగింది. డాక్టరుగారు బానెట్ మీద నుంచి ముందుకు జారి, అద్దానికి ముక్కు ఆనించి నిలబడ్డారు. రోడ్డు మీద ఏమీ లేదు.

“ఎందుకు ఆపినావు?”

“గేదె సార్.”

“ఎక్కడ?”

ఆయన అడగడం పూర్తికాకముందే కంపల్లోంచి నల్లటి మూతి బయటికొచ్చింది. వెనక మొత్తం గేదె వచ్చి, బస్సును ఒకసారి చూసి, నింపాదిగా రోడ్డు దాటింది. బండి కదలబోతోందని డాక్టరుగారు సర్దుకుని కూర్చోబోతుంటే ఏసుపాదం, “ఆగండి సార్, దూడ ఉంది. అది సోలమన్ వాళ్ళ గేదె. దూడని ఎనకేసుకునే తిరుగుద్ది” అన్నాడు. దూడ కూడా వచ్చింది, వెళ్ళింది.

లచ్చుమమ్మ వెనక నుంచి “దాని కొమ్ము పడ, పోయినేడు నా చీపుర్లు తిన్నది అదే!” అని అరిచింది.

చిదానందంగారు మాత్రం ఏమీ వినడం లేదు. ఆయన చేతిలోని స్టాప్‌వాచీ వంక చూసుకున్నారు. దాన్ని నొక్కనే లేదు. నొక్కడానికి వస్తువు కనపడితే కదా! వస్తువు కనపడక ముందే జవాబు వచ్చేసింది. ఆయన సీలు కవరు చించారు. లోపల ఉన్నది గేదె.

“అంకారావుగారూ, ప్రశ్నపత్రము బయటికి పొక్కినది” అన్నారు ఆయన, పాలిపోయిన మొహంతో.

ఎర్రకాలువలో, రేకుల టీ బంకు ముందు బస్సు ఆగేసరికి ఉత్తర్వు తయారైపోయింది. న్యాయవిభాగాధిపతిగారు మోకాలి మీద పెట్టుకుని రాశారు. ‘పరీక్షా కవరు తెరువక పూర్వమే అభ్యర్థి సరియైన సమాధానము చెప్పియున్నాడు. అదియునుగాక, సదరు గేదెతోను, దాని దూడతోను అభ్యర్థికి పూర్వ పరిచయము కలదని అతని మాటలవలననే రుజువగుచున్నది. ఇది అక్రమము. తక్షణము చక్రధారణ నుండి తొలగించడమైనది.’

“కొంగ లేసింది సార్. కొంగ అట్టా లేస్తే కింద గేదె కదిలినట్టే” అని ఏసుపాదం చెప్పబోయాడు.

“కొంగ సిలబస్‌లో లేదు” అన్నారు చిదానందంగారు.

ఏసుపాదానికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తప్పు చేసి తిట్లు తిన్న రోజులు ఉన్నాయి గానీ, సరిగ్గా చూసినందుకు ఇట్లా జరగడం ఇదే మొదలు. అతను వాదించలేదు. ఇంజను ఆపాడు, తాళం తీసి అంకారావు చేతిలో పెట్టాడు, వెళ్ళి టీ బంకు బల్ల మీద కూర్చున్నాడు. మీరాబీ వచ్చి పక్కన కూర్చుని, “అన్నా, బెల్లు కొట్టింది నేను. నా చెయ్యి ఇరగ” అంది.

“నువ్వేం చేస్తావు తల్లీ. బండి నిండింది, బెల్లు కొట్టావు” అన్నాడతను.

ఊరి జనం దిగి ఎవరి ఇళ్ళకు వాళ్ళు పోయారు. కోడి కూడా లచ్చుమమ్మ గంపలో దిగిపోయింది, అధికారులెవరూ గమనించలేదు. వాళ్ళకు అప్పుడే ఒక చిన్న విషయం తట్టింది. నల్లబండ తిరిగి వెళ్ళడం ఎలా?

అంకారావు డిపోకు ఫోన్ చేశాడు. డ్రైవర్లంతా పరీక్ష కోసం వరసలో కూర్చున్నారు, పరీక్షాధీనులు కనుక ఎవరూ స్టీరింగు ముట్టరని జవాబు వచ్చింది. ఆ నిబంధన ఎవరు పెట్టారని ఆర్థిక సలహాదారుగారు మండిపడ్డారు. దాని మీద ఆయన సంతకమే ఉంది.

ఎండ ముదిరింది. అధికారులు రోడ్డు పక్కన నిలబడి, చేతులు నుదుటికి అడ్డం పెట్టుకుని, ఏదో ఒక బస్సు రాకపోతుందా అని చూడటం మొదలుపెట్టారు. దూరంగా దుమ్ము లేచింది. “అదిగో బస్సు!” అన్నారు ఆర్థిక సలహాదారుగారు, రుమాలు ఊపారు. దగ్గరికొస్తే అది వరిగడ్డి ట్రాక్టరు. ఇంకాసేపటికి న్యాయవిభాగాధిపతిగారు “ఈసారి నిశ్చయముగా బస్సే” అన్నారు. అది మరో గడ్డి ట్రాక్టరు. మూడోసారి చిదానందంగారే లేచి, నంబరు ప్లేటు కూడా కనపడుతోందని చెప్పి, రోడ్డు మధ్యకు వెళ్ళి రెండు చేతులూ చాచారు. అదీ గడ్డి ట్రాక్టరే. మోపుల మీద కూర్చున్న రైతు ఆయన్ని చూసి, ఎవరో పాపం అని దండం పెట్టి పక్కనుంచి వెళ్ళిపోయాడు.

దాంతో డాక్టరుగారు తువ్వాలు తల మీద వేసుకుని టీ బంకు దగ్గరికి వచ్చారు. గొంతు సవరించుకున్నారు. “ఏసుపాదం, ప్రత్యేక పరిస్థితుల దృష్ట్యా, నల్లబండ చేరునంతవరకు నీకు తాత్కాలికముగా చూపు మంజూరు చేయుచున్నాను.”

ఏసుపాదం లేచి నిలబడ్డాడు గానీ, తాళం కోసం చెయ్యి చాపలేదు. “పొద్దున ఉన్న కళ్ళు మధ్యానానికి పోయినయ్యన్నారు. ఇప్పుడు వచ్చినయ్యంటున్నారు, డిపో కాడ మళ్ళా పోతయ్యంటున్నారు. నా ఎనక బండెడు జనం కూకుంటారు సార్. నాకు కళ్ళుంటే ఉన్నయ్యని రాయండి, లేకపోతే లేవని రాయండి. లేనోడు మిమ్మల్ని తీసకపోలేడు.”

అంత పొడుగు మాట అతను ఏ అధికారితోనూ అనలేదు. మీరాబీ టీ గ్లాసు కింద పెట్టి, “అవును సార్, రాయండి. సాయంత్రమైతే ఈడ దోమలు మామూలుగా ఉండవు” అంది.

అధికారులు బస్సు నీడలో సమావేశమయ్యారు. చూపు లేదంటే ఇక్కడే పడి ఉండాలి. ఉందంటే, లీకైన పరీక్షను ఒప్పుకున్నట్టవుతుంది. చాలాసేపు మల్లగుల్లాలు పడ్డాక న్యాయవిభాగాధిపతిగారే దారి కనిపెట్టారు. గుర్తింపు వేగం పరిసరాలను బట్టి మారుతుందని శాస్త్రమే చెబుతోంది కదా! ఉత్తర్వు వెనకవైపు ఇలా రాసి అందరూ సంతకాలు పెట్టారు. ‘గోనెల ఏసుపాదము అను చోదకునకు నల్లబండ - ఎర్రకాలువ రహదారి పరిసరములందు మాత్రమే, పదవీ విరమణ పర్యంతము, చూపు కలదు. తక్కిన ప్రదేశములందు ఇతనికి చూపు కలదని నిర్ధారణ కాలేదు.’

ఏసుపాదం దాన్ని రెండుసార్లు చదివించుకున్నాడు. ‘పదవీ విరమణ పర్యంతము’ అన్న ముక్కను మీరాబీ చేత మూడోసారి చదివించుకుని, తాళం తీసుకున్నాడు. వెనక్కి వచ్చేటప్పుడు మలుపు దగ్గర మళ్ళీ కొంగ లేచింది. ఈసారి బానెట్ మీదున్న డాక్టరుగారే ముందు “గేదె!” అని అరిచి కళ్ళు మూసుకున్నారు.

ఆ తర్వాత నెలకే ఛైర్మన్‌గారు ఇంకో సదస్సుకు వెళ్ళి, వాసనలకూ జ్ఞాపకశక్తికీ ఉన్న సంబంధం గురించి విని వచ్చారు. చిదానందంగారు ఇప్పుడు దానికోసం తెరిచిన కొత్త విభాగానికి పెద్ద, కండక్టర్ల ముక్కులు పరీక్షిస్తున్నారు. డ్రైవర్ల పరీక్షను ఎవరూ రద్దు చేయలేదు, ఎవరూ జరపనూ లేదు. బస్సులు నడుస్తున్నాయి. ఏసుపాదం ఉత్తర్వు మాత్రం ఎవరూ కాదనకపోవడం వల్ల ఇప్పటికీ అమల్లోనే ఉంది. అతను దానికి ఫ్రేము కట్టించి ఇంట్లో గోడకు తగిలించాడు.

దాంతో సువార్త ప్రాణానికి వచ్చింది. అటక మీద చింతపండు జాడీ కనపడుతోందేమో చూడవయ్యా అంటే గోడ వంక వేలు చూపిస్తాడు. సూదిలో దారం ఎక్కించి పెట్టమంటే, “ఇంట్లో నాకు చూపున్నట్టు నిర్ధారణ కాలేదే” అంటాడు. పెళ్ళాం పిలిస్తే పలుకుతాడు గానీ, ఆమె వెతకమన్నది ఏదీ అతనికి కనపడదు.

ఒక ఆదివారం సువార్త చేపల పులుసు పెట్టింది. వాసన వీధి చివరి దాకా వెళ్ళింది. ఏసుపాదం చేతులు కడుక్కుని వచ్చి పీట వేసుకున్నాడు. ఆమె అన్నం పెట్టి, పులుసు పోసి, గిన్నె పక్కకు జరిపింది.

“ముక్క ఏదే?” అన్నాడతను, చెయ్యి అన్నంలో పెట్టకముందే.

“వేశానుగా, రెండు వేశాను. కనపడటంలా?” అంది సువార్త. గోడ మీద ఫ్రేము వంక ఒకసారి చూసి, “అయ్యో, మర్చేపోయాను. ఇది ఎర్రకాలువ రోడ్డు కాదు గదా!” అని గిన్నె మీద మూత పెట్టేసింది.

ఏసుపాదం మూత వంకా, ఉత్తర్వు వంకా, పెళ్ళాం వంకా చూశాడు. తర్వాత మెల్లగా లేచి, అటక కింద స్టూలు వేసుకుని, చింతపండు జాడీ దించడానికి ఎక్కాడు.